బ్యాంకాక్ గ్రూప్ టూర్: దిగిన రోజే ఊరంతా తిప్పుతారట, అమ్మ తట్టుకుంటుందా?

హాలియా ఆడబిడ్డ:

మాది నాగార్జునసాగర్ దగ్గర హాలియా. అమ్మకు అరవై దాటింది, పెద్దమ్మ ఇంకాస్త పెద్దది. వాళ్ల చిట్టీల గ్రూపు ఆడవాళ్లంతా కలిసి బ్యాంకాక్, పట్టాయా టూర్ బుక్ చేసుకున్నారు. యాదగిరిగుట్ట, తిరుపతి, ఒకసారి కాశీ, అంతే అమ్మ చూసినవి. విమానం ఎక్కడం ఇదే మొదలు. నాకు లీవు దొరకలేదు, వెంట పోలేను.

టూర్ వాళ్లు వాట్సాప్‌లో పంపిన కాగితంలో మొదటి రోజు ఇలా ఉంది. అర్ధరాత్రి దాటాక శంషాబాద్‌లో విమానం. తెల్లవారి బ్యాంకాక్‌లో దిగి నేరుగా టిఫిన్. అక్కడి నుంచి బంగారు బుద్ధుడి గుడి, పడుకున్న బుద్ధుడి గుడి, తర్వాత ‘జెమ్స్ ఫ్యాక్టరీ విజిట్’, మధ్యాహ్నం భోజనం, అప్పుడు హోటల్. సాయంత్రం మళ్లీ నదిలో పడవ మీద డిన్నర్. చదువుతుంటేనే నాకు ఆయాసం వచ్చింది. హాలియా నుంచి ముందు రోజు మధ్యాహ్నమే బయలుదేరుతారు కాబట్టి ఆ రాత్రి నిద్ర ఎలాగూ ఉండదు.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. మెట్లంటే భయం. పెద్దమ్మ నీసు ముట్టదు. ఇద్దరూ చీరలే కడతారు, గుళ్లలోకి చీరతో పోనిస్తారా అని పెద్దమ్మ రోజూ అడుగుతోంది. నేను టెన్షన్ పడుతుంటే అమ్మేమో “అందరూ పోతున్నరు గదా, నాకొక్కదానికే ఏమైతది” అంటుంది.

ఈ మొదటి రోజు ఎలా గడుస్తుందో పోయివచ్చినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. ఏది వదిలేయొచ్చు, ఏది వదలకూడదు? టూర్ వాళ్లను ఇప్పుడే ఏం అడిగి పెట్టుకోవాలి?

జడ్చర్ల కుర్రోడు:

ముందు కాగితాల పని చెప్తాను అక్కా, మిగతాది పెద్దవాళ్లు చెప్తారు. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్ వెళ్లేవాళ్లందరూ డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. దిగే రోజుకు మూడు రోజుల ముందు నుంచే నింపనిస్తారు, అంతకుముందు కాదు. థాయ్ ఇమిగ్రేషన్ వాళ్ల సొంత సైట్‌లో ఒక్క పైసా తీసుకోరు. గూగుల్‌లో వెతికితే డబ్బులు అడిగే సైట్లు పైన కనిపిస్తాయి, వాటి జోలికి పోకండి. టూర్ వాళ్లే నింపుతామంటే నింపనివ్వండి, కానీ పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ మీరు ఒకసారి సరిచూసుకోండి. వచ్చిన కార్డును ప్రింట్ తీయించి ఇద్దరికీ చెరొకటి ఇవ్వండి. ఇమిగ్రేషన్ లైన్లో నిలబడి ఫోన్‌లో వెతుక్కోవడం అమ్మవాళ్ల వల్ల కాదు.

వీసా రూల్స్ మారుతూ ఉంటాయి, వెళ్లే ముందు వారం మళ్లీ చూసుకోండి. రోమింగ్ ప్యాక్ ఇంట్లోనే వేయించండి. అక్కడ టూరిస్ట్ పోలీస్ నంబరు 1155, అమ్మ ఫోన్‌లో సేవ్ చేసి ఒక చీటీ మీద కూడా రాసివ్వండి.

పాత కండక్టర్:

అమ్మా, నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి, దేవరకొండ డిపో. మా ఇంటావిడను తీసుకుని ఇంచుమించు ఇదే టూర్‌కు పోయొచ్చాను. జనాన్ని బస్సు ఎక్కించి దించడమే నా బతుకు కాబట్టి అక్కడ గుళ్లకంటే ముందు నా కళ్లు బస్సు మీదే పడ్డాయి.

మొదట, దిగిన రోజే ఎందుకు తిప్పుతారో తెలుసుకోండి. అక్కడ హోటళ్లలో రూము మధ్యాహ్నం రెండుకు గానీ ఇవ్వరు. మన విమానం పొద్దున ఆరుకు దించుతుంది. దిగగానే రూము కావాలంటే ముందు రాత్రి కిరాయి కూడా కట్టాలి. అది కట్టకుండా ఆ ఏడెనిమిది గంటలు గడపడానికే ఈ తిప్పుడు. దీన్ని మోసం అనను, ఆ కిరాయి మిగిలింది కాబట్టే టూర్ ధర మనకు అందింది. ‘హాఫ్ డే సిటీ టూర్’ అని ఏదో ఊరికే ఇస్తున్నట్టు రాస్తారు చూడండి, అది మాత్రం నాకు నచ్చదు. మీ గ్రూపులో మోకాళ్లవాళ్లు ఇంకో ఇద్దరు ముగ్గురు ఉంటే, అందరూ తలా కాస్త వేసుకుని ఒక్క రూము ముందు రాత్రి నుంచే తీయించమనండి. ఈ మాట ఇప్పుడే అడగాలి. అక్కడికి పోయాక అడిగితే మేనేజర్ నవ్వి ఊరుకుంటాడు.

నిద్ర సంగతి. వాళ్ల గడియారం మనకంటే గంటన్నర ముందు. విమానంలో ఉండేది మూడున్నర గంటలే. అందులో భోజనం బండి తిరగడం, లైట్లు వేయడం, ఆర్పడం. మనకు నాలుగున్నర అయ్యేసరికి అక్కడ ఆరైపోతుంది, తెల్లారింది లేవండి అంటారు. కాబట్టి బయలుదేరే రోజు పొద్దున ఇంట్లోనే రెండు మూడు గంటలు పడుకోమనండి. చౌటుప్పల్ దాటి పెద్దఅంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే శంషాబాద్ ఎంతో సేపు కాదు. కానీ మనవాళ్లు భయంతో సాయంత్రం ఐదుకే వచ్చి కూర్చుంటారు.

బ్యాంకాక్ సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో నడక చాలా ఎక్కువ. కదిలే పట్టాలు ఉన్నా మధ్యమధ్యలో దిగి నడవాలి. అమ్మకు వీల్‌చైర్ కావాలని టికెట్ బుక్ చేసినవాళ్లతో ముందే రాయించండి. ఒక చిక్కుంది. వీల్‌చైర్ వాళ్లను వేరే దారిలో తీసుకుపోతారు, గ్రూపు ఇంకో లైన్లో ఉంటుంది. కంగారు పడొద్దు, పెట్టెలు వచ్చే బెల్టు దగ్గర అందరూ కలుస్తారు. పెద్దమ్మను కూడా వీల్‌చైర్ పక్కనే నడవమనండి. క్షీరసాగర మథనం పెద్ద బొమ్మ ఉంటుందట గదా అని అందరూ వెతుకుతారు. అది వచ్చేటప్పుడు కనిపించదు, తిరుగు ప్రయాణంలో పాస్‌పోర్టు చెకింగ్ దాటాక ఉంటుంది.

బయటికి వస్తే ఇద్దరు మనుషులు. ఒకరు మన టూర్ మేనేజర్. ఇంకొకరు థాయ్ గైడ్, మెడలో లైసెన్సు కార్డు ఉంటుంది. ఆ దేశంలో గైడ్ పని వాళ్ల దేశస్థులే చేయాలని చట్టం. అందుకే మన మేనేజర్ గుళ్లో నిలబడి కథ చెప్పడు. గైడ్ ఇంగ్లిష్‌లో చెప్పింది ఈయన బస్సులో తెలుగులో చెప్తాడు. అమ్మవాళ్లు గుళ్లో అర్థం కాలేదని బాధపడొద్దు, బస్సులో చెవులు రిక్కించుకుంటే చాలు.

మా గైడ్ ఒక నడివయసు ఆవిడ, చేతిలో ఆకుపచ్చ గొడుగు. ఎండకోసం కాదు, మూసి పైకెత్తి పట్టుకుంటుంది, మనం దాన్ని చూస్తూ నడవాలి. నాకు నచ్చింది ఆమె లెక్క. నేను సర్వీసులో ముందు సీటు నుంచి వెనక్కి లెక్కపెట్టేవాణ్ణి. ఆమె చివరి సీటు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో సీటు తలదిండు మీద వేలితో తడుతూ, పెదవులు కదుపుతూ డోరు వైపు వస్తుంది. డోరుకు చేరేసరికి లెక్క అయిపోతుంది, అప్పుడే పరిగెత్తుకొచ్చి ఎక్కినవాడు కళ్లముందే ఉంటాడు. వెనక్కి పోయి మళ్లీ మొదలుపెట్టే పనిలేదు. ఇన్నేళ్లలో ఇది నాకు తట్టలేదు సుమా.

బస్సులు చాలావరకు డబుల్ డెక్కర్లు. ఒంటినిండా రంగురంగుల బొమ్మలు, లోపల డిస్కో లైట్లు, మన ఊళ్లో పెళ్లి బస్సు కూడా అంత ఉండదు. పైకి మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. కింది అంతస్తులో కొన్ని సీట్లు ఉంటాయి, వాటికి అందరూ పోటీ పడరు, అద్దాలు పెద్దవని అందరూ పైకే పోతారు. అమ్మకూ పెద్దమ్మకూ కింద సీట్లు కావాలని మేనేజర్‌కు ఎయిర్‌పోర్టులోనే చెప్పండి. మొదటి రోజు ఎక్కడ కూర్చుంటే టూరంతా అదే సీటు అని జనం అనుకుంటారు, తర్వాత మారమంటే గొడవే.

ఇక గుళ్లు. బంగారు బుద్ధుడి గుడి వాట్ ట్రైమిట్, చైనా బజారు మొదట్లో ఉంటుంది. అక్కడ పాలరాతి మెట్లు ఎక్కువ. మోకాళ్లు సహకరించకపోతే ఇదొక్కటి వదిలేసి కింద కూర్చోవచ్చు. కానీ కథ మాత్రం విని పొమ్మనండి. ఏళ్లతరబడి దాన్ని సున్నపు బొమ్మే అనుకున్నారు. 1955లో కొత్త మండపంలోకి ఎత్తుతుంటే తాళ్లు తెగి కింద పడింది, పెచ్చు ఊడి లోపల బంగారం కనిపించింది. ఐదున్నర టన్నులు. శత్రువులు ఎత్తుకుపోకుండా పూర్వం ఎవరో సున్నం పూసి దాచారని చెబుతారు. నెహ్రూ వచ్చి మన సాగర్ డ్యామ్‌కు పునాదిరాయి వేసింది కూడా ఆ ఏడే, డిసెంబర్ 10న. హాలియావాళ్లకు ఆ ఏడు గుర్తుంచుకోవడం కష్టమేమీ కాదు.

పడుకున్న బుద్ధుడి గుడి, వాట్ ఫో, వదలకూడదు. నడక ఉంది గానీ నేల చదునుగా ఉంటుంది. విగ్రహం 46 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తు. తల దగ్గర నిలబడితే పాదాలు కనపడవు, స్తంభాల సందుల్లోంచి కొంచెం కొంచెంగా చూస్తూ పోవాలి. అరికాళ్లలో ముత్యపుచిప్పతో 108 శుభచిహ్నాలు పొదిగారు. చెప్పులు విడిచి సంచిలో వేసుకుని చేత పట్టుకోవాలి, అందుకే బకిల్స్ ఉన్నవి కాకుండా తొడిగి విడిచేవి వేసుకోమనండి. చీరకు ఏ అభ్యంతరం లేదు. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలన్నదే వాళ్ల నియమం. మన ఆడవాళ్లు చక్కగా లోపలికి పోతుంటే, నిక్కర్లు వేసుకొచ్చిన మగపిల్లలు బట్టలు అద్దెకు తీసుకున్నారు.

విగ్రహం వెనక గోడ పొడుగునా 108 కంచు గిన్నెలు వరసగా ఉంటాయి. కొద్దిపాటి డబ్బుకు చిన్న చిల్లర నాణేలు ఇస్తారు, ఒక్కో గిన్నెలో ఒక్కోటి వేసుకుంటూ పోవాలి. టంగు టంగుమని హాలంతా అదే చప్పుడు. చిల్లర చప్పుడు మధ్యే బతికిన నాకు, డబ్బు ఎవరికీ తిరిగి ఇవ్వక్కర్లేకుండా ఇలా వేస్తూ పోవడం భలే హాయిగా అనిపించింది. ఇక్కడే మా గ్రూపులో ఒక సూర్యాపేట పెద్దాయన తప్పిపోయాడు. గైడ్ లెక్కలో ఒకటి తగ్గింది. చూస్తే ఆయన సగం గిన్నెల్లో నాణేలు అయిపోయి, మళ్లీ కొనుక్కొచ్చి, వేసిన గిన్నె ఏదో గుర్తులేక మొదటి నుంచి వేస్తున్నాడు. ఎండలో బస్సు దగ్గర ఇరవై నిమిషాలు నిలబడ్డాం. మీవాళ్లను ఎక్కడ దిగినా బస్సు నంబరు ప్లేటును ఫోటో తీసుకోమనండి. పార్కింగ్‌లో అన్ని బస్సులూ ఒకేలా మెరుస్తుంటాయి, డ్రైవర్ ఆపిన చోట ఉంచకుండా పక్కకు తీస్తాడు కూడా.

నాణేలంటే గుర్తొచ్చింది. పది బాట్ల బిళ్ల అచ్చం మన పది రూపాయల బిళ్లలా రెండు లోహాలతో ఉంటుంది, కానీ విలువ రెండున్నర రెట్ల పైమాటే. పాత బిళ్లల మీద గుళ్ల బొమ్మలుంటాయి, పది మీద నది ఒడ్డున ఉన్న వాట్ అరుణ్, ఐదు మీద పాలరాతి గుడి. అమ్మకు మన బిళ్లలు ఇంట్లోనే పెట్టి పొమ్మని చెప్పండి, పర్సులో కలిస్తే చీకట్లో ఒకటి బదులు ఇంకోటి ఇచ్చేస్తారు.

ఇంకో మాట, టిప్పులు. రోజుకు మనిషికి ఇంత అని గైడ్‌కు, డ్రైవర్‌కు విడిగా వసూలు చేస్తారు, కొన్ని టూర్లలో మొదటి రోజు బస్సులోనే. టూర్ ధరలో ఉందా లేదా ముందే రాతలో తెప్పించుకోండి. టికెట్ ఇవ్వకుండా డబ్బు తీసుకోవడం నా కళ్లకు ఇప్పటికీ పడదు.

హాలియా ఆడబిడ్డ:

బాబాయ్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, చాలా థ్యాంక్స్. వీల్‌చైర్ మాట ఎత్తితే అమ్మ ఒంటికాలి మీద లేచింది. “నన్ను ముసలిదాన్ని చేస్తవా, మా చిట్టీలోళ్ల ముందర కుర్చీల కూసుంటనా” అంటోంది. ఇంకోటి, ఆ జెమ్స్ ఫ్యాక్టరీ గురించి మీరేమీ చెప్పలేదు. అది ఎగ్గొట్టి నేరుగా హోటల్‌కు పోవచ్చా?

మిర్యాలగూడ అక్క:

తిండి సంగతి నేను చెప్తా చెల్లీ. గ్రూపు భోజనాలు ఇండియన్ హోటళ్లలోనే పెడతారు, అయితే ఎక్కువగా రోటీ, పనీర్, పప్పు, కొంచెం అన్నం. పెద్దమ్మకు ఇబ్బంది అక్కడ కాదు, బయట ఏదైనా కొనుక్కున్నప్పుడే. కూరగాయల వేపుడు అని కొన్నా అందులో చేపల సాస్ పోస్తారు, వాళ్లకది మనకు ఉప్పులాంటిది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న కొట్లలో ‘జే’ తిండి దొరుకుతుంది, దాంట్లో నీసు ఉండదు, ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు. సెవెన్ ఎలెవెన్ కొట్లు అడుగడుగునా ఉంటాయి, ఒక్కొక్క అరటిపండు విడిగా కవర్లో పెట్టి అమ్ముతారు, మందు గోళీలకు ముందు అదొక్కటి చాలు.

మొదటి రోజు టిఫిన్ ఆలస్యమవుతుంది, అది మాత్రం ఖాయం. పెట్టెలు రావాలి, అందరూ గుమిగూడాలి, ఫోటోలు దిగాలి. అందుకని హ్యాండ్‌బ్యాగులో సకినాలో, పల్లీపట్టీలో పెట్టండి. బీపీ గోళీలు కూడా హ్యాండ్‌బ్యాగులోనే, పెట్టెలో వద్దు, పెట్టె హోటల్ చేరేదాకా బస్సు డిక్కీలోనే ఉంటుంది. పుట్నాల పొడి, అటుకులు తీసుకుపోతే రూములో కెటిల్ ఉంటుంది, వేడినీళ్లు పోసుకుని తినొచ్చు. పచ్చడి చెక్-ఇన్ పెట్టెలో, రెండు కవర్లలో గట్టిగా కట్టి పెట్టండి. మా గ్రూపులో ఒకామె మామిడికాయ తొక్కు పగిలి కొత్త పట్టుచీర మీద కారింది, ఆ టూరంతా అదే ఏడుపు.

ఆడవాళ్లు బయటికి చెప్పరు గానీ అందరికీ ఉండే భయం ఒకటి, టాయిలెట్. థాయ్‌లాండ్‌లో చాలాచోట్ల పక్కన చిన్న హ్యాండ్ షవర్ ఉంటుంది. కాగితంతో తుడుచుకునే బాధ లేదని అమ్మకు ముందే చెప్పండి, సగం టెన్షన్ పోతుంది.

జడ్చర్ల కుర్రోడు:

జెమ్స్ షాపు గురించి నన్నడిగితే అది వట్టి టైమ్ వేస్ట్ అక్కా. అదంతా కమీషన్ బేరం. మా అమ్మానాన్న పోయినప్పుడు ఒక సేల్స్ అమ్మాయి హిందీలో మాట్లాడుతూ గంటసేపు వెంటే తిరిగింది. ట్యాక్సీ యాప్‌లో బుక్ చేసుకుని నేరుగా హోటల్‌కు పొమ్మనండి.

పాత కండక్టర్:

తమ్ముడు చెప్పిన కమీషన్ మాట నిజమే, నేను కాదనను. బస్సు అక్కడ ఆగినందుకే వాళ్లకు ఎంతోకొంత ముడుతుంది. కానీ ట్యాక్సీ ఎక్కించొద్దు. కొత్త దేశంలో మొదటి రోజు ఇద్దరు పెద్దవాళ్లు విడిగా పోయి, రెండు కాకముందే హోటల్‌కు చేరి, రూము ఇవ్వక, లాబీలో పెట్టెలు లేకుండా కూర్చుంటే ఏం లాభం? పెట్టెలు బస్సులోనే ఉన్నాయి గదా. అదీగాక బయట రోడ్డు మీద ‘ఈరోజు గుడి మూసేశారు, నేను వేరే చోటికి తీసుకుపోతా’ అంటూ ఆటోలవాళ్లు తగులుకుంటారు, తిప్పితిప్పి చివరికి తీసుకుపోయేది మళ్లీ అలాంటి నగల కొట్టుకే.

నేనేమంటానంటే, అందరూ తిట్టే ఆ కొట్టే మోకాళ్లవాళ్లకు మొదటి రోజు దక్కే మంచి విశ్రాంతి. చల్లటి ఏసీ, మెత్తటి కుర్చీలు, శుభ్రమైన టాయిలెట్లు, తాగడానికి ఏదో ఒకటి ఇస్తారు. రాళ్లు ఎలా తీస్తారో మొదట చూపిస్తారు, చూడొచ్చు, బాగానే ఉంటుంది. తర్వాత పెద్ద హాల్లోకి వదులుతారు. అక్కడ అద్దాల బల్లల వైపు పోకుండా ఒక పక్కన కూర్చోవాలి. ఆ సేల్స్ పిల్ల వస్తే చేతులు జోడించి నవ్వాలి, వాళ్లూ చేతులు జోడిస్తారు, అక్కడితో సరి. మా ఇంటావిడ అక్కడే ముప్పావుగంట కునుకు తీసింది. చిట్టీల గ్రూపు అంటున్నారు గదా, పర్సులు బరువుగానే ఉంటాయి. ఒకామె ఉంగరం కొంటే పక్కామె ఊరుకోదు, ఆ జాగ్రత్త మాత్రం ఇంట్లోనే చెప్పి పంపండి.

వీల్‌చైర్ సంగతి అమ్మతో వాదించొద్దు. శంషాబాద్‌లో అవసరం లేదు, బ్యాంకాక్‌లో దిగేటప్పుడు మాత్రం అడిగించండి. నిద్రలేక కాళ్లు లాగుతున్నప్పుడు కుర్చీ ఎదురుగా కనిపిస్తే ఆమే కూర్చుంటుంది. చిట్టీలవాళ్లు కూడా మాకూ ఒకటి అడగలేదేమని అంటారు చూడండి.

రూము ఇచ్చాక మార్కెట్‌కు పోదామని ఎవరో ఒకరు లేపుతారు. పోవద్దు, పడుకోమనండి. సాయంత్రం పడవ వదలకూడదు. పడవ ఎక్కే దగ్గర తోపులాట ఉంటుంది, లోపల పాటల హోరు ఉంటుంది, కానీ ఒకసారి కూర్చున్నాక లేచే పనిలేదు. నదికి రెండు పక్కలా దీపాలు, వాట్ అరుణ్ గోపురం పసుపు వెలుగులో దగ్గరగా కనిపిస్తుంది. పొద్దున గుడికి మెట్లెక్కలేకపోయానే అన్న బాధ అక్కడ తీరుతుంది.

హాలియా ఆడబిడ్డ:

సరే బాబాయ్. ముందు రాత్రి రూము గురించి ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. నలుగురు కలిస్తే చూస్తామన్నారు, ముగ్గురు దొరికారు. టిప్పుల మాట రాతలో పంపుతామన్నారు, ఇంకా రాలేదు. కింది అంతస్తు సీట్లంటే మాత్రం “బస్సు వచ్చాక చూద్దాం మేడమ్” అన్నారు.

పాత కండక్టర్:

చూద్దాం అంటే ఇవ్వరని అర్థం చేసుకోండి. పెద్దమ్మను పెట్టెలు డిక్కీలో వేయించే పని చూసుకోమని, అమ్మను ఆలోపే ఎక్కి రెండు సీట్ల మీద చున్నీ పరచమని చెప్పండి. హోటల్ కార్డు చేతికి రాగానే థాయ్ అక్షరాలున్న వైపు ఫోటో తీసి మీకు పంపమనండి, తప్పిపోతే మీరే దాన్ని ఎవరికైనా చూపించమని చెప్పొచ్చు. పవర్ బ్యాంక్ ఉంటే హ్యాండ్‌బ్యాగులోకి మార్చండి, పెద్ద పెట్టెలో పెడితే శంషాబాద్‌లోనే పిలిచి తెరిపిస్తారు.